గాలి లేని యుద్ధం

చిరంజీవి తమ్ముడికి,

నీ కథ చదివాను. మూడో పేజీలో సముద్రపు దొంగ బార్తలోమ్యూ రాబర్ట్స్, అతన్ని వేటాడిన బ్రిటిష్ నౌకాదళపు కెప్టెన్ ఓగ్ల్ కత్తులు దూసుకున్న చోట కాగితాలు పక్కన పెట్టి లేచిపోయాను. 1722 ఫిబ్రవరి 10న, నేటి గబాన్ తీరంలోని కేప్ లోపెజ్ దగ్గర, కత్తికి కత్తి తగిలిందే లేదు.

అంతకంటే బాధ కలిగించింది ఇంకొకటి. పదకొండు పేజీల్లో గాలి ఎటు వీస్తోందో ఒక్క మాట లేదు! తెరచాపల కాలం కథలో గాలి తెలియకపోతే ఏమీ తెలియనట్టే. ఓగ్ల్ నడిపిన 'స్వాలో' యుద్ధనౌక నుంచి అంతకుముందే పారిపోయి దొంగల్లో చేరిన ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ ఓడను గుర్తుపట్టే ఘట్టం చక్కగా రాశావు. కానీ అతను రాబర్ట్స్‌కు చెప్పిన అసలు మాట వదిలేశావు. ఆ ఓడ ఎదురుగాలిలోనే బాగా నడుస్తుంది, తప్పించుకోవాలంటే వాలుగాలికి పొమ్మన్నాడు. రాబర్ట్స్ అదే చేశాడు. ఫిరంగి దెబ్బలు ఓర్చుకుని 'స్వాలో' పక్కనుంచి దాటేశాడు కూడా. ఆపైన గాలే తిరిగిందో, చుక్కాని పట్టిన చేయే తడబడిందో, రాబర్ట్స్ ఓడ తెరచాపలు వెనక్కి కొట్టుకుని వేగం పోయింది. 'స్వాలో' మళ్లీ మీదికొచ్చింది.

రాబర్ట్స్ ఎర్ర పట్టు దుస్తుల్ని, టోపీలోని ఎర్ర ఈకను అరపేజీ వర్ణించావు. ఆ ముస్తాబుతోనే గొంతులో గుండు దిగి ఫిరంగి మోకుల మీద కూలాడు. చుక్కాని దగ్గరి స్టీఫెన్సన్ పరుగున వచ్చి, గాయం కనబడక, లేచి మగాడిలా పోరాడమని తిట్టాడు. ప్రాణం పోయిందని తెలిశాక బావురుమన్నాడు. ఈ మనిషి నీ కథలో ఎందుకు లేడు?

నా తొలి సముద్రపు కథలో గాలి ఉండేది. దానికోసం భీమిలి జాలరులతో మూడు రాత్రులు తెప్ప మీద గడిపాను. ఒక తాత మాట మధ్యలో ఆగి మెడ తిప్పేవాడు. చెవి వెనక చల్లగా తగలగానే తాడు సడలించేవాడు. ఆ తాడు లాగి నా అరచేతులు బొబ్బలెక్కాయి. ఆ పేరాలన్నీ ఒక సంపాదకుడు కొట్టేశాడు. పాఠకుడికి వాతావరణం ఎందుకు, యుద్ధం చూపించమన్నాడు. ముప్ఫై ఏళ్లయినా ఆ కోపం చల్లారలేదు. నీకు కత్తులు నేర్పిందీ అలాంటివాళ్లేనని నా అనుమానం.

ఆర్మ్‌స్ట్రాంగ్ మాటతో మొదలుపెట్టి మళ్లీ రాయి. స్టీఫెన్సన్ వదిలివచ్చిన చుక్కాని ఆ క్షణంలో ఎవరు పట్టుకున్నారో అదీ రాయి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య