స్కీయింగ్ కొండల్లో స్థిరపడాలంటే: ముందు అద్దెకు, తర్వాతే సొంతానికి

ప్రశ్న: నమస్తే అండి. మేం డాలస్ దగ్గర ప్లేనోలో ఉంటున్నాం. నాకు 43, మా ఆవిడకు 41. ఇద్దరివీ ఐటీ ఉద్యోగాలే, ఇద్దరం ఇంటి నుంచే పనిచేస్తున్నాం. జీతాలు కలిపి ఏడాదికి 2,40,000 డాలర్లు. నిరుడు గ్రీన్‌కార్డులు వచ్చాయి. పిల్లలకు 12, 8 ఏళ్లు. నలుగురికీ స్కీయింగ్ అంటే ప్రాణం, అందుకే ఇక కొండల్లోనే ఉండిపోదామని అనుకుంటున్నాం. కొలరాడోలోని బ్రెకెన్‌రిడ్జ్‌లో 9 లక్షల డాలర్ల కాండో ఒకటి నచ్చింది. స్కీ లిఫ్టుకు నడిచి వెళ్లొచ్చు. హెచ్‌ఓఏ (కాండో యజమానుల సంఘానికి కట్టే నిర్వహణ రుసుము) నెలకు 1,100. ప్లేనో ఇంటిని 2016లో 3,20,000కు కొన్నాం, ఇప్పుడు 5,50,000 పలుకుతోంది. 2021లో 2.75 శాతానికి రీఫైనాన్స్ చేశాం. ట్యాక్సు, ఇన్సూరెన్సు కలిపి నెలకు 2,350 కడుతున్నాం. అమ్మితే ఖర్చులు పోను 2,50,000 చేతికొస్తాయి. 401కె (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) నుంచి 50,000 అప్పు తీసుకుని మొత్తం 3 లక్షలు డౌన్ పేమెంట్ కడదామని ఆలోచన. బ్యాంకులో ఇంకో 60,000 ఉన్నాయి. మేం ఊరెళ్లినప్పుడు కాండోను ఎయిర్‌బీఎన్‌బీలో పెడితే కొంత వస్తుంది కదా. పార్క్ సిటీ, ట్రకీ, రీనో, సాల్ట్ లేక్ సిటీ కూడా మనసులో ఉన్నాయి. అమ్మానాన్నలు ఏటా ఆరు నెలలు మా దగ్గరే ఉంటారు. నాన్నకు రెండు స్టెంట్లు వేశారు. ఎక్కడైతే బాగుంటుంది?

జవాబు: ఆ కాండో ఇప్పుడు కొనకండి. కొండల్లోకి వెళ్లొద్దని మాత్రం అనను, తప్పకుండా వెళ్లండి. పిల్లలు ఇంకో పదేళ్లలో రెక్కలొచ్చి వెళ్లిపోతారు. వాళ్లతో కలిసి గడిపే శీతాకాలాల కోసం ఖర్చు పెట్టడం నా దృష్టిలో మంచి ఖర్చే. నా అభ్యంతరమల్లా మీరు అనుకున్న వరస మీదే.

ముందు లెక్క చూద్దాం. 6 లక్షల అప్పు 30 ఏళ్లకు 6.5 శాతం వడ్డీకి తీసుకుంటే నెల వాయిదా దాదాపు 3,790. హెచ్‌ఓఏ 1,100. ప్రాపర్టీ ట్యాక్సు కొలరాడోలో తక్కువే కాబట్టి ఏడాదికి 4,500, అంటే నెలకు 375 వేసుకుందాం. ఇన్సూరెన్సు 150. ఇవన్నీ కలిపితే 5,400 దాటింది. 401కె అప్పును అయిదేళ్లలో తీర్చడానికి నెలకు ఇంకో వెయ్యి. మొత్తం 6,400. పైగా టెక్సస్‌లో లేని స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్సు కొలరాడోలో ఉంది. 4.4 శాతం రేటున మీ ఆదాయానికి అది ఏడాదికి 9,000 చిల్లర అవుతుంది. అన్ని కోతలూ పోను మీ ఇద్దరి చేతికీ కలిపి నెలకు 13,000 డాలర్లకు కాస్త తక్కువే వస్తుందని నా అంచనా. అందులో సగం ఇంటికే పోతుంది. మీలో ఒకరి ఉద్యోగం పోయిందనుకోండి, రెండోవాళ్ల జీతం మొత్తం కాండోకే సరిపోతుంది. తిండికి, బడికి, కార్లకు ఆ 60,000 లోంచే తీయాలి. అది కూడా ఎంతకాలం వస్తుంది? బ్రెకెన్‌రిడ్జ్‌లో ఇల్లు అమ్మకానికి పెడితే ఊరి ట్రాన్స్‌ఫర్ ట్యాక్సు 1 శాతం ఉంటుంది, 9 లక్షల మీద 9,000. ఎవరు కట్టాలన్నది బేరంలో తేలుతుంది. పైగా అదాటున అమ్ముదామంటే కొనేవాళ్లు వెంటనే దొరికే మార్కెట్ కాదది.

కాబట్టి ఊరు ఎంచుకునే ముందు మీరు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదీ: ఇంటి నుంచి పని ఆగిపోతే ఆ ఊళ్లో మీకు మళ్లీ ఉద్యోగం దొరుకుతుందా? రిమోట్ అన్న కంపెనీలే వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మంటున్న రోజులివి. స్కీ ఊళ్లలో హోటళ్లు, రెస్టారెంట్లు, రిసార్టు పనులు ఉంటాయి కానీ మీ ఇద్దరి అనుభవానికి తగ్గ ఉద్యోగాలు చాలా అరుదు.

ఈ నెలలోనే ఇద్దరూ మీ మీ హెచ్‌ఆర్‌తో మాట్లాడండి. ఫలానా రాష్ట్రం నుంచి పనిచేయవచ్చని రాతపూర్వకంగా తీసుకోండి. కంపెనీకి ఆ రాష్ట్రంలో పేరోల్ రిజిస్ట్రేషన్ లేకపోతే కుదరదనవచ్చు. ఊరిని బట్టి జీతం తగ్గించే కంపెనీలూ ఉన్నాయి. మీకు గ్రీన్‌కార్డు ఉంది కాబట్టి ఇంతటితో సరి. ఇది చదువుతున్న హెచ్‌1బీ వాళ్లు మాత్రం జాగ్రత్త: వేరే మెట్రో ప్రాంతానికి మారి అక్కడి ఇంటి నుంచి పనిచేయాలంటే మారకముందే కంపెనీ వీసా పిటిషన్‌కు అమెండ్‌మెంట్ (సవరణ) ఫైల్ చేయాలి. ఊరు మారిపోయాక చెబుదాంలే అనుకోవద్దు.

401కె అప్పు ఆలోచన పూర్తిగా మానేయండి. ఉద్యోగం మానినా, పోయినా ఆ అప్పు మిగతా మొత్తాన్ని మరుసటి ఏడాది ట్యాక్సు ఫైలింగ్ గడువులోగా కట్టాల్సి వస్తుంది. కట్టలేకపోతే అది విత్‌డ్రాయల్ కింద లెక్క. మీ వయసుకు ట్యాక్సుతో పాటు 10 శాతం పెనాల్టీ కూడా పడుతుంది. జీతం ఆగిన ఏడాదే ఇది కూడా నెత్తిన పడుతుంది.

ఎయిర్‌బీఎన్‌బీ ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోకండి. బ్రెకెన్‌రిడ్జ్ ఊరిని జోన్లుగా విడగొట్టి షార్ట్ టర్మ్ రెంటల్ లైసెన్సులకు పరిమితి పెట్టింది. అమ్మేవాళ్ల లైసెన్సు ఇంటితో పాటు మీకు రాదు. ఏజెంటు ఏం చెప్పినా సరే, ఆ కాండో ఏ జోన్‌లో ఉందో, కొత్త లైసెన్సు ఇస్తున్నారో లేదో టౌన్ ఆఫీసులోనే కనుక్కోండి. లైసెన్సు దొరికితే ఒక మంచి వెసులుబాటు ఉంది. మీరు నివసించే ఇంటిని ఏడాదిలో 14 రోజులకు మించకుండా అద్దెకిస్తే ఆ అద్దె మీద ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్సు ఉండదు. క్రిస్మస్ వారంలో మీరు ప్రయాణంలో ఉంటే అది చిన్న మొత్తమేమీ కాదు. లాడ్జింగ్ ట్యాక్సు వేరే సంగతి, అది కట్టాల్సిందే.

హెచ్‌ఓఏ 1,100 అన్నారు. ఆ అంకె కంటే దాని వెనకున్న కాగితాలు ముఖ్యం. ఎప్పుడు, ఎక్కడ కాండో కొన్నా రిజర్వ్ స్టడీ (పెద్ద రిపేర్లకు సంఘం దగ్గర ఎంత నిధి ఉండాలో చెప్పే నివేదిక), గత రెండు మూడేళ్ల మీటింగ్ మినిట్స్, బిల్డింగ్ మొత్తానికి ఉన్న మాస్టర్ ఇన్సూరెన్సు పాలసీ అడిగి తీసుకోండి. మినిట్స్‌లో "రూఫ్", "బాల్కనీలు", "బాయిలర్", "హీట్ టేప్" అన్న మాటలు పదే పదే కనిపిస్తే స్పెషల్ అసెస్‌మెంట్ (సంఘం యజమానుల నుంచి విడిగా వసూలు చేసే మొత్తం) తరుముకొస్తోందని అర్థం. కొండల్లో కప్పు మీద మంచు నెలల తరబడి ఉంటుంది. అంచున కరిగి మళ్లీ గడ్డకట్టి, నీళ్లు గోడలోకి దిగుతాయి. రిజర్వులో డబ్బు లేని సంఘంలో ఆ రిపేరు ఒక్కో యూనిట్‌కు పాతిక వేలు పడినా ఆశ్చర్యపోను. మాస్టర్ పాలసీలో డిడక్టబుల్ ఎంతో చూసి, మీ సొంత పాలసీలో అలాంటి వసూళ్లలో మీ వాటాకు పనికొచ్చే లాస్ అసెస్‌మెంట్ కవరేజ్ పెంచుకోండి. బిల్డింగ్ కాండోటెల్‌ లాంటిదైతే, అంటే కింద హోటల్ డెస్క్ ఉండి రోజువారీ అద్దెలు నడిపేదైతే, మామూలు అప్పు పుట్టడమే కష్టం.

ఇక ఊళ్ల సంగతి. మీ నాన్నగారి స్టెంట్ల గురించి చదవగానే నా మనసు అక్కడే ఆగింది. బ్రెకెన్‌రిడ్జ్ దాదాపు 9,600 అడుగుల ఎత్తులో ఉంది. 8,000 అడుగులు దాటితే ఆరోగ్యవంతులకే తలనొప్పి, ఆయాసం, నిద్ర పట్టకపోవడం మామూలు. గుండె జబ్బున్న పెద్దాయన అక్కడ ఆరు నెలలు ఉండొచ్చో లేదో చెప్పాల్సింది ఆయన కార్డియాలజిస్టు. ఆయన కాదంటే బ్రెకెన్‌రిడ్జ్ చర్చ అక్కడితో ముగిసినట్టే. తల్లిదండ్రులు వచ్చి ఉండలేని ఇంటికి అంత డబ్బు పోయడం మీకే తర్వాత బాధగా ఉంటుంది.

పార్క్ సిటీ 7,000 అడుగులు. అందమైన ఊరే, కానీ ధరలు మీ బడ్జెట్‌లో ఇమడవు. ట్రకీ కాలిఫోర్నియాలో ఉంది. మీ ఆదాయానికి అక్కడి స్టేట్ ట్యాక్సు 9.3 శాతం మెట్టు దాకా వెళ్తుంది. దానికి తోడు కార్చిచ్చు ఇన్సూరెన్సు టెన్షన్. 2021లో కాల్డోర్ ఫైర్ అనే కార్చిచ్చు వచ్చినప్పుడు అదే టాహో ప్రాంతంలోని సౌత్ లేక్ టాహో ఊరు ఊరంతా ఖాళీ చేయాల్సి వచ్చింది. అడవి అంచున ఉన్న ఏ ఇంటికైనా ఆఫర్ పెట్టే ముందే ఇన్సూరెన్సు కోట్ తెచ్చుకోండి, ఇన్‌స్పెక్షన్ అయ్యాక కాదు.

ట్రకీ నుంచి ముప్పై మైళ్లు అటు వెళ్తే రీనో. అది నెవాడా కాబట్టి జీతం మీద స్టేట్ ట్యాక్సు లేదు. సొంతంగా ఉండే ఇంటికి ప్రాపర్టీ ట్యాక్సు ఏడాదికి 3 శాతానికి మించి పెరగకుండా చట్టంలో పరిమితి ఉంది. ఎత్తు 4,500 అడుగులే. ఎయిర్‌పోర్టు ఊళ్లోనే. మౌంట్ రోజ్ స్కీ ఏరియాకు ముప్పావు గంటలో చేరుకోవచ్చు.

అయినా మీ ఇద్దరికీ నేను మొదట చూడమనేది యూటాలోని సాల్ట్ లేక్ లోయనే, ముఖ్యంగా శాండీ, కాటన్‌వుడ్ హైట్స్. ట్యాక్సులో రీనోయే మెరుగు, యూటా దాదాపు 4.5 శాతం తీసుకుంటుంది. కానీ దగ్గర్లోని లీహై చుట్టుపక్కల ఐటీ కంపెనీలు ఉన్నాయి. రిమోట్ పోయినా అదే ఇంట్లో ఉంటూ వేరే ఉద్యోగం వెతుక్కునే వీలుంది. యూనివర్సిటీ హాస్పిటల్ ఉంది, పెద్ద ఎయిర్‌పోర్టు ఉంది. నివాసముండే ఇంటి విలువలో 55 శాతం మీదే ప్రాపర్టీ ట్యాక్సు వేస్తారు. ఆల్టా, స్నోబర్డ్, బ్రైటన్, సాలిట్యూడ్ స్కీ కొండలు నాలుగూ ఆ పక్క కాటన్‌వుడ్ కాన్యన్లలోనే (కొండల మధ్య ఇరుకు లోయల్లోనే). పిల్లల్లో ఎవరికైనా స్నోబోర్డు సరదా ఉంటే ఆల్టాలో దానికి అనుమతి లేదని ముందే చెప్పండి.

అక్కడి లోపాలూ తెలుసుకుని వెళ్లండి. శీతాకాలంలో ఇన్వర్షన్ పట్టి, అంటే చల్లగాలి కిందే చిక్కుకుపోయి, లోయలో రోజుల తరబడి పొగ మంచు కమ్ముకుంటుంది, ఆ రోజుల్లో గాలి నిజంగా బాగోదు. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉంటే ఇది పెద్ద విషయమే. బాగా మంచు కురిసిన మరునాడు కాన్యన్ రోడ్డు మీద కార్లు బారులు తీరతాయి. అవలాంచ్ (మంచు చరియలు విరిగిపడే) ప్రమాదం ఉంటే లిటిల్ కాటన్‌వుడ్ రోడ్డును మూసేస్తారు కూడా.

అక్కడైనా మొదటి ఏడాది అద్దెకే ఉండండి. ప్లేనో ఇల్లు అమ్మకండి, అద్దెకివ్వండి. 2.75 శాతం అప్పును వదులుకుంటే మళ్లీ దొరకదు. దీనికి ట్యాక్సు చట్టం కూడా మీకు అనుకూలంగా ఉంది. అమ్మే రోజుకు వెనక్కి చూస్తే గత అయిదేళ్లలో రెండేళ్లు ఆ ఇంట్లో మీరు నివసించి ఉంటే, దంపతులకు 5 లక్షల డాలర్ల దాకా లాభం మీద పన్ను ఉండదు. మీ లాభం 2,30,000. అంటే ఖాళీ చేసిన రోజు నుంచి మూడేళ్ల లోపు ఎప్పుడు అమ్మినా ఆ మినహాయింపు మీదే. అద్దెకిచ్చిన కాలానికి క్లెయిమ్ చేసే డిప్రిసియేషన్ (ఇంటి అరుగుదల కింద తగ్గించుకునే మొత్తం) మీద మాత్రం పన్ను పడుతుంది, అది చిన్నదే. అద్దెకివ్వగానే సొంతంగా నివసించే ఇంటికిచ్చే టెక్సస్ హోమ్‌స్టెడ్ మినహాయింపు పోయి ప్రాపర్టీ ట్యాక్సు పెరుగుతుంది, ఇన్సూరెన్సు కూడా ల్యాండ్‌లార్డ్ పాలసీకి మార్చాలి. వచ్చే అద్దె ఇప్పుడు కట్టే నెల వాయిదాకూ ఈ రెండు అదనపు ఖర్చులకూ సరిపోతుందో లేదో చూసుకోండి. నెలకు రెండు మూడొందలు మీ జేబులోంచి వేయాల్సి వచ్చినా ఈ ఏడాదికి అది భరించదగ్గ ఖర్చే.

అద్దె ఇంట్లోకి జూన్‌లో, పిల్లల బడి అయిపోగానే దిగండి. డిసెంబరులో చూస్తే ఏ కొండైనా నచ్చుతుంది. వేసవి పొగ, అక్టోబరు, లిఫ్టులు ఆగిపోయి ఎటు చూసినా బురదగా ఉండే ఏప్రిల్, మే కూడా చూశాక ఇద్దరికీ అక్కడే ఉండాలనిపిస్తే అప్పుడు కొనండి. అమ్మగారికి పలకరించే మనుషులు దొరికారా లేదా అన్నదీ ఆ ఏడాదిలోనే తెలుస్తుంది.

పెద్దబ్బాయో అమ్మాయో, 12 ఏళ్లంటే కాలేజీ ఇంకా ఆరేళ్లే. మీరు స్థిరపడే రాష్ట్రంలోని యూనివర్సిటీలోనే ఇన్-స్టేట్ ఫీజు (స్థానికులకిచ్చే తక్కువ ఫీజు) దొరుకుతుంది. మూడేళ్లకోసారి రాష్ట్రం మారేలా ప్లాన్ చేసుకోకండి. సీజన్ పాస్‌లు వసంతంలోనే తక్కువ ధరకు దొరుకుతాయి, శరదృతువు వచ్చేసరికి పెరిగిపోతాయి. ఎపిక్, ఐకాన్ అనేవి చాలా స్కీ కొండలకు కలిపి చెల్లే పాస్‌లు. ఎపిక్ పాస్ మీద పార్క్ సిటీ ఉంది. కాటన్‌వుడ్ కొండలు ఐకాన్ పాస్ మీద ఉన్నాయి కానీ వాటిలో చాలావాటికి రోజుల పరిమితి ఉంటుంది, కాబట్టి ఊరు ఖాయమయ్యాక ఒక్క కొండకే చెల్లే లోకల్ పాస్ ధర కూడా పక్కన పెట్టి చూడండి. పిల్లల స్కీలు, బూట్లు కొనకండి, సీజన్ మొత్తానికి అద్దెకు తీసుకోండి. పాదాలు ఏటా పెరుగుతాయి. హెచ్‌ఆర్ జవాబు, డాక్టర్ మాట రెండూ వచ్చాక మళ్లీ రాయండి, ప్లేనో అద్దె లెక్క కలిసి వేద్దాం.