శరణార్థుల కోసం పనిచేస్తానంటే ఇంట్లో వద్దంటున్నారు

ప్రశ్న: మాది కర్నూలు. నా వయసు 61. పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం కాన్పుల వార్డులోనే ఉన్నాను. పాతబస్తీ గల్లీల్లో నేర్చుకున్న ఉర్దూ బాగా మాట్లాడతాను, చదవడం రాదు. మా ఆయన ఆర్టీసీలో చేసేవారు, ఆయనా రిటైరే. మోకాళ్ల నొప్పి, షుగరు, టైముకు తినరు. 2009 వరదల్లో మా ఇల్లు మునిగింది. వారం రోజులు ఒక ఫంక్షన్ హాల్లో తలదాచుకున్నాం. ముక్కూమొహం తెలియనివాళ్లు అన్నం పెట్టారు, కట్టుకోవడానికి చీరలిచ్చారు. ఈమధ్య హైదరాబాద్‌లో మా ఆడపడుచు ఇంటికి వెళ్లినప్పుడు బాలాపూర్ దగ్గర బర్మా నుంచి వచ్చినవాళ్ల గుడిసెలు చూశాను. ఒక పిల్ల చంకలో పసిబిడ్డతో నిలబడి ఉంది, దానికి పద్దెనిమిదేళ్లు కూడా ఉండవేమో. అప్పటినుంచి మనసు మనసులో లేదు. శరణార్థులకు సాయం చేసే సంస్థలో ఊరికే పనిచేద్దామని రెండు మూడు చోట్లకు మెయిల్ పెట్టాను, జవాబు లేదు. ఒకాయన వాట్సాప్‌లో రూ.3,500 కడితే ఐక్యరాజ్యసమితి వలంటీరు కార్డు ఇప్పిస్తానంటున్నాడు. మా ఆయనేమో ‘ఊళ్లోవాళ్లకే దిక్కు లేదు, నీకు పరాయి దేశపోళ్లు కావాల్సొచ్చినారా? రేపు పోలీసులొస్తే స్టేషన్ చుట్టూ ఎవరు తిరగాల?’ అని కేకలు. బెంగళూరులో ఉన్న అబ్బాయి ‘ఎంతో కొంత డబ్బు పంపేసి ఊరుకోమ్మా’ అంటాడు. అమ్మాయికి ఏడో నెల. వచ్చే నెల పురుటికి తీసుకురావాలి. నేను కోరుకున్నది తప్పా? అసలు ఈ పని దొరికే దారేమిటి? వరదప్పటి రుణం తీర్చుకోవాలి.
– ఒక సోదరి, కర్నూలు

సలహా: ముందు ఆ వాట్సాప్ మనిషి సంగతి తేల్చేద్దాం. ఒక్క రూపాయి కూడా కట్టకండి. ఐక్యరాజ్యసమితి గానీ, శరణార్థుల కోసం పనిచేసే దాని విభాగం యూఎన్‌హెచ్‌సీఆర్ గానీ దరఖాస్తుకు, ఇంటర్వ్యూకు, శిక్షణకు, దేనికీ డబ్బు తీసుకోవు. ఐరాస వలంటీర్ల వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోవడం ఉచితం. అందులో ఇంట్లో కూర్చుని చేసే ఆన్‌లైన్ పనులు కూడా ఉంటాయి. పద్దెనిమిదేళ్లు నిండిన ఎవరైనా చేయొచ్చు. ఒక్కో పని 12 వారాలకు మించదు, వారానికి 20 గంటలు దాటదు. అబ్బాయి చేత ఆ పేజీ తెరిపించి చూడండి, అతనికీ ఏదో ఒకటి చేసినట్టుంటుంది. పొరపాటున ఆ మనిషికి ఇప్పటికే డబ్బు పంపి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి.

ఇక మీ మెయిల్. దాని కాపీ ఉత్తరంతో పాటు పంపడం మంచిదైంది. ‘నేను రిటైర్డ్ ఉద్యోగిని, సేవ చేయాలనుంది, ఏ పనైనా చేయడానికి సిద్ధం’ అని రాశారు. నర్సునన్న మాటే లేదు! అవతల చదివేది ఎవరు? ఇద్దరు ముగ్గురితో నడిచే ఆఫీసులో, పొద్దున ఒకరిని ఆసుపత్రికి, మధ్యాహ్నం ఇంకొకరిని బడికి తిప్పి వచ్చి, రాత్రి ఎనిమిదింటికి మెయిల్ తెరిచిన మనిషి. ఏ పనైనా చేస్తాననేవాళ్లకు పని వెతికిపెట్టడం ఆ మనిషికి ఇంకో పని. ఇలా రాసి చూడండి: ‘కాన్పుల వార్డులో ఏళ్ల అనుభవమున్న స్టాఫ్ నర్సును. ఉర్దూ బాగా మాట్లాడతాను, చదవడం రాదు. కర్నూలులో ఉంటాను. వారంలో రెండు పూటలు ఫోన్ ద్వారా గర్భిణులతో, బాలింతలతో మాట్లాడగలను. నెలకొకసారి హైదరాబాద్ వచ్చి ఒక రోజంతా ఉండగలను. ఫలానా నెల నుంచి, కనీసం ఒక ఏడాది.’ మెయిల్ పెట్టిన వారం తర్వాత ఫోన్ చేయండి. ఫోన్‌లోనూ దొరక్కపోతే ఆడపడుచు ఇంటికి వెళ్లినప్పుడు నేరుగా ఆఫీసుకే వెళ్లండి. మనవైపు పనులెలా అవుతాయో మీకు నేను చెప్పాలా!

ఎక్కడ వెతకాలన్నది తెలియాలంటే ఈ పని మన దేశంలో ఎలా జరుగుతుందో కాస్త తెలియాలి. 1951 నాటి అంతర్జాతీయ శరణార్థుల ఒప్పందం మీద మన దేశం సంతకం చేయలేదు. శరణార్థులకంటూ ప్రత్యేక చట్టం కూడా లేదు. టిబెటన్లను, శ్రీలంక తమిళులను ప్రభుత్వాలే నేరుగా చూసుకుంటున్నాయి. తమిళనాడులో శ్రీలంక తమిళుల శిబిరాలే వందకు పైగా ఉన్నాయి. చెన్నైలో ఆఫర్ అనే సంస్థను 1984లో ఆ శరణార్థులే తమకోసం పెట్టుకున్నారు. మయన్మార్ (బర్మా), అఫ్గానిస్తాన్ లాంటి చోట్ల నుంచి వచ్చినవాళ్ల పేర్లు యూఎన్‌హెచ్‌సీఆర్ నమోదు చేసి కార్డు ఇస్తుంది. దానికి ఢిల్లీలో, చెన్నైలో ఆఫీసులున్నాయి. మిగతా ఊళ్లలో స్థానిక సంస్థల ద్వారా పని చేయిస్తుంది. హైదరాబాద్‌లో అలా పనిచేసినవాటిలో కోవా అనే సంస్థ చాలాకాలంగా తెలిసిన పేరు. ప్రస్తుతం ఎవరెవరు భాగస్వాములో యూఎన్‌హెచ్‌సీఆర్ వాళ్లనే అడిగి తెలుసుకుని, అక్కడ మొదలుపెట్టండి. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే పేర్ల జోలికి పోకండి.

మీరు చూసినవాళ్లు రోహింగ్యాలు. 1982లో బర్మా తెచ్చిన పౌరసత్వ చట్టం వాళ్లను సొంత దేశంలోనే ఎవరికీ కానివాళ్లను చేసింది. 2012లో గొడవలయ్యాయి. 2017లో ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. హైదరాబాద్ చేరినవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి అక్కడే ఉండి ఉర్దూ పట్టేశారు. అందుకే పాతబస్తీ గల్లీల్లో మీరు నేర్చుకున్న ఆ ఉర్దూ మీ సర్టిఫికెట్లన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది.

ఆ బిడ్డతల్లి విషయంలో మీరు చేయగలిగింది ఏమిటో మీకు నాకంటే బాగా తెలుసు. నెలన్నరకు, రెండున్నర నెలలకు, మూడున్నర నెలలకు పడాల్సిన సూదులు, తొమ్మిదో నెల నిండాక మీజిల్స్ రూబెల్లా. గుడిసె మారినా, తగలబడినా టీకా కార్డు పోతుంది. కార్డు పోతే మళ్లీ మొదటినుంచా, ఆగినచోటు నుంచా అన్నది ఆ పిల్లకు తెలియదు. ఆసుపత్రిలో ఎవరైనా కసురుకుంటారేమోనన్న భయానికి అసలు పోదు. తారీఖు ముందురోజు ఫోన్ చేసి ‘రేపు పొద్దున బస్తీ దవాఖానాకు పో తల్లీ, సూది పడ్డాక జ్వరం రావొచ్చు, భయపడొద్దు’ అని చెప్పే గొంతు ఒకటుంటే బిడ్డకు సూది పడుతుంది. దానికి మీరు కర్నూలులో మీ వరండాలో కూర్చుంటే చాలు. అయితే ఒకటి: మీ సంచిలోంచి మాత్రలు తీసి ఇవ్వడం, గుడిసెలో సూది వేయడం లాంటివి పొరపాటున కూడా వద్దు. వార్డులో మీ వెనక డాక్టరు ఉండేవారు, అక్కడ ఉండరు.

‘వరదప్పటి రుణం తీర్చుకోవాలి’ అని ఉత్తరం చివర్లో రాశారు. ఇక్కడ నాకు కొంచెం జంకుగా ఉంది. తొలి అడుగు వేయించడానికి ఆ భావం చాలు. పదో శనివారానికి చాలదు. రుణం తీర్చుకుందామని వెళ్లినవాళ్లు తెలియకుండానే అవతలివాళ్ల కళ్లలో కృతజ్ఞత కోసం వెతుకుతారు. అక్కడ అది దొరక్కపోవచ్చు. రేషన్ కిట్ రెండోసారి తీసుకోవడానికి మీతో అబద్ధం చెబుతారు. నాలుగుసార్లు ఫోన్ చేసినా ఎత్తరు. మీరు అంత కష్టపడి ఇప్పించిన ఆసుపత్రి అపాయింట్‌మెంట్ మానేసి కూలికి పోతారు, ఆ పూట ఐదొందలు వాళ్లకు ముఖ్యం. ఫంక్షన్ హాల్లో ఉన్న వారం రోజుల్లో మీరు మాత్రం అన్నం పెట్టినవాళ్లందరికీ దండం పెట్టారా? ఎవరో పాత చీర ఇస్తే లోపల మంట పుట్టలేదా? ఆ మంట గుర్తున్న మనిషి ఈ పనికి పనికొస్తుంది. ఇంకో మాట, ‘ఎలా వచ్చావు, దారిలో ఏం జరిగింది’ అని మీరుగా అడగకండి. చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు. ఫొటోలు తీయకండి, చుట్టాల గ్రూపుల్లో అసలే పెట్టకండి.

మీ ఆయన మాటల్లో రెండున్నాయి, రెండింటినీ కలిపి కొట్టిపారేయకండి. పోలీసుల భయం ఉత్తది కాదు. రోహింగ్యాలను మన ప్రభుత్వం అక్రమ వలసదారులుగానే చూస్తోంది, యూఎన్‌హెచ్‌సీఆర్ కార్డు ఉన్నంత మాత్రాన ఇక్కడ ఉండే హక్కు వచ్చినట్టు కాదు. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త చట్టం వచ్చింది, అదీ కఠినమైనదే. అందుకని ఎవరినీ ఇంటికి తెచ్చి పెట్టుకోవద్దు, మీకు తెలిసినవాళ్ల ఇల్లు అద్దెకు ఇప్పించొద్దు. మీ పేరు మీద సిమ్ కార్డు ఇవ్వొద్దు. ఆధార్ కార్డు, ఓటరు కార్డు సంగతి ఎవరెంత బతిమాలినా ‘అది సంస్థ లాయరు చూస్తారు’ అని తప్పుకోండి. సొంతంగా ఎవరి చేతిలోనూ డబ్బు పెట్టొద్దు. రిజిస్టరైన సంస్థ కింద, వాళ్లిచ్చిన పనిని వాళ్లు చెప్పిన పద్ధతిలో చేయండి. ఈ గీతలన్నీ ముందే కాగితం మీద రాసి మీ ఆయన చేతికివ్వండి. ఆర్టీసీలో చేసిన మనిషి, రూలు రాతలో కనబడితే సగం కోపం దిగుతుంది.

రెండోది, ‘ఊళ్లోవాళ్లకే దిక్కు లేదు’ అన్న మాట. ఈ మాట అనేవాళ్లలో చాలామంది ఊళ్లోవాళ్లకు చేసిందీ ఏమీ ఉండదు, మీ ఆయన సంగతి మీకే తెలియాలి. పక్కన అనంతపురంలో ఫాదర్ ఫెర్రర్ పేరు చెబితే చేతులెత్తి మొక్కుతారు. ఆయన స్పెయిన్‌లో పుట్టినవాడు. అక్కడి అంతర్యుద్ధంలో ఓడిన పక్షాన నిలిచి, 1939లో సరిహద్దు దాటి ఫ్రాన్సుకు పారిపోయి, సముద్రపు ఒడ్డున ముళ్లకంచె శిబిరంలో గడిపాడు. 1968లో మన దేశం నుంచి కూడా పొమ్మన్నారు. 1969లో తిరిగొచ్చి అనంతపురంలో ఆర్డీటీ అనే సేవాసంస్థ పెట్టాడు. ఆయనకు స్పెయిన్‌లో ‘ఊళ్లోవాళ్లు’ లేకనా ఇక్కడికొచ్చింది? ఈ సంగతి ఒకసారి భోజనాల దగ్గర చెప్పి చూడండి, వాదన కోసం కాదు, మామూలు కబురులాగా.

అలాగని ఆ మాటను పూర్తిగా వదిలేయనూ అక్కర్లేదు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఏటా ఇళ్లకు తాళాలేసి గుంటూరుకు మిరప కోతలకు, సుగ్గికి (వలస కూలికి) పోతారు కదా. వాళ్ల పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు నడుస్తుంటాయి. అమ్మానాన్న దగ్గర లేని పిల్లలకు వారానికొకసారి వెళ్లి రక్తహీనత, గజ్జి, ఎదిగే ఆడపిల్లల సందేహాలు చూసే నర్సమ్మ ఉంటే హెడ్మాస్టరు కాదంటాడా? వాళ్లు శరణార్థులు కాదు, మీ మనసు కోరిన పనికి ఇది బదులూ కాదు. కానీ ప్రతివారం ఒకేరోజు, ఒకే సమయానికి, జీతం లేని పనికి కదలడం మీ వల్ల అవుతుందో లేదో అక్కడ తేలిపోతుంది. ఆ హెడ్మాస్టరు రాసిచ్చే రెండు ముక్కలు హైదరాబాద్ సంస్థకు పంపే మెయిల్‌కు జతచేయొచ్చు.

నాకు అనిపిస్తున్నది ఇంకొకటుంది. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ నైట్ డ్యూటీలంటూ మీరు ఇంట్లో ఉన్నది తక్కువ. ఇప్పుడైనా ఇద్దరం కలిసి ఉంటామని ఆయన అనుకుని ఉంటారు. ‘మోకాళ్ల నొప్పి, షుగరు, టైముకు తినరు’ అని మీరే రాశారు. శరణార్థుల మీద కోపం కాదేమో అది, పొయ్యి మీద అన్నం పెట్టుకుని ఒక్కడూ కూర్చోవాల్సి వస్తుందన్న దిగులేమో. నోరు తెరిచి అడగని మనిషి అరుస్తాడు. అడగండి. హైదరాబాద్ మొదటిసారి వెళ్లేటప్పుడు ఆయన్నూ తీసుకెళ్లి చెల్లెలి ఇంట్లో దించండి. బస్సు ఛార్జీలు మీ పింఛన్లోంచే పెట్టుకుంటానని ముందే చెప్పండి.

ఇక అమ్మాయి పురుడు. ఈ విషయంలో మాత్రం మీ తొందర నాకు నచ్చలేదు. మెయిల్లో ‘వెంటనే చేరతాను’ అని రాశారు. వచ్చే నెల కూతురిని తీసుకొస్తారు, ఆ తర్వాత కాన్పు, బాలింతరాలి పథ్యం, బిడ్డకు నలుగు, స్నానం. ఈలోగా బాలాపూర్‌లో ఒక గర్భిణికి ‘నేనున్నాను’ అని చెప్పి, రెండు నెలలకే ఫోన్ ఎత్తడం మానేస్తే? వదిలేసి వెళ్లిపోయే మనుషుల్ని వాళ్లు ఇప్పటికే చాలామందిని చూశారు. బిడ్డకు అయిదో నెల వచ్చి, అమ్మాయి అత్తగారింటికి వెళ్లాకే మొదలుపెడతానని రాయండి. అప్పటివరకు సంస్థను వెతకడం, మాట్లాడటం, కాగితాల పని సాగించండి. పోలీసు వెరిఫికేషన్ అడిగితే ఈ నెలల్లో అదీ అయిపోతుంది. అడగని సంస్థ అయితే, పిల్లల మధ్యకు ఎవరినిబడితే వాళ్లను పంపుతోందని అర్థం.

వాళ్లు మాట్లాడటానికి పిలిచినప్పుడు మీరూ అడగండి: నా పని చూసేది ఎవరు, రాత్రిపూట ఎవరికైనా నొప్పులొస్తే నేను ఫోన్ చేయాల్సింది ఎవరికి, వారానికి ఎంతమందితో మాట్లాడాలి, నా సొంత నంబరు ఇవ్వాలా లేక సంస్థ ఫోన్ ఇస్తారా, నేను ఒక నెల రాలేకపోతే ఆ కేసులు ఎవరు చూస్తారు. జవాబులు తడుముకుంటూ ఉంటే ఇంకో సంస్థను చూడండి. సరిగ్గా చెప్పి, ‘మీరు ఎప్పటినుంచి రాగలరమ్మా’ అని అడిగితే మాత్రం ఆ అయిదో నెల ఎప్పుడు పడుతుందో లెక్కచూసుకుని తారీఖు చెప్పండి.