మీకు దొరికింది వేరే సినిమా

మోటెల్ నడిపే వితంతువు, కంట్రీ (అమెరికా గ్రామీణ శైలి సంగీతం) గాయకుడు ఉన్న సినిమా కోసం వెతికి డౌన్‌లోడ్ చేస్తే, అందులో ఆ వితంతువే కనిపించలేదని అడిగారు కదా. మీరు డౌన్‌లోడ్ చేసుకున్నది 2009 నాటి ‘క్రేజీ హార్ట్’ అయి ఉంటుంది. అందుకే మోటెల్ నడిపే వితంతువు ఎంతకీ రాలేదు. టెక్సాస్‌లో ఆ మోటెల్, ఆమె కొడుకు, తాగుడు మానేసే కంట్రీ గాయకుడు ఉన్నది 1983లో వచ్చిన ‘టెండర్ మెర్సీస్’లో.

అసలు తికమక ఇది: నటుడు రాబర్ట్ డువాల్ రెండింట్లోనూ ఉన్నాడు. పాతదాంట్లో ఆయనే గాయకుడు. కొత్తదాంట్లో గాయకుడు జెఫ్ బ్రిడ్జెస్, డువాల్ అతని స్నేహితుడు, నిర్మాతల్లో ఒకడు కూడా. ‘కంట్రీ గాయకుడి పాత్రకు ఆస్కార్’ అని వెతికినా లాభం లేదు, ఆ పాత్రలకే ఇద్దరికీ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది మరి!

1. సినిమా పేరు పక్కన 1983 కూడా టైప్ చేయండి. చాలామంది వదిలేసేది ఇదే.
2. ప్లే చేసే ముందు పాత్రల పేర్లు చూడండి. మ్యాక్ స్లెడ్జ్ ఉంటే మీరు వెతికేదే. బ్యాడ్ బ్లేక్ ఉంటే మళ్లీ ‘క్రేజీ హార్ట్’ వచ్చినట్టే.
3. ఇంకా అనుమానమైతే, గాయకుడూ ఆ పిల్లాడూ ఒకేసారి బాప్తిస్మం తీసుకునే సీన్ ఉందేమో చూడండి.

డువాల్ పాటలు డబ్బింగ్ కాదు, సొంత గొంతే.