ఏ వైపు క్యాబిన్ తీసుకోవాలని అడిగావు కదా

అమ్మడూ,

పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరంలో ఒక్క ముక్క అడిగావు: బాల్కనీ ఉన్న క్యాబిన్ తీసుకుంటున్నాం, ఓడలో ఎడమ వైపు మంచిదా, కుడి వైపు మంచిదా అని. వాంకూవర్‌లో ఎక్కి సీవర్డ్‌లో దిగే ఏడు రాత్రుల అలాస్కా ప్రయాణం అన్నావు కాబట్టి జవాబు ముందే చెప్పేస్తున్నాను. కుడి వైపు తీసుకో. ఓడ భాషలో స్టార్‌బోర్డ్. ఇక్కడితో ఆపేస్తే రేపు ఇంకో ప్రయాణానికీ ఇదే మాట పనికొస్తుందని అనుకుంటావు. పనికిరాదు. పైగా ఈసారి అమ్మను తీసుకెళ్తున్నావు. ఆ మోకాళ్లతో తను రోజుకు పదిసార్లు పై డెక్‌కు ఎక్కి దిగలేదు. బాల్కనీలో కుర్చీ వేసుకుంటే ఎంత కనిపిస్తుందో, తనకు అలాస్కా అంతే. అందుకే కాస్త విడమరిచి రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ఓడలో ఎడమ, కుడి అనేవి మనవి కావు, ఓడవి. నువ్వు ఎటు తిరిగి నిలబడినా సరే, ఓడ ముందుకొన వైపు ముఖం పెడితే ఎడమ చేతికి వచ్చేది పోర్ట్, కుడి చేతికి వచ్చేది స్టార్‌బోర్డ్. పూర్వం ఓడను నడిపే పెద్ద తెడ్డు కుడి పక్కన కట్టి ఉండేది. అది రేవు గోడకు కొట్టుకుని విరక్కుండా ఎడమ పక్కను రేవుకు ఆనించేవారు. ఆ రెండు పేర్లూ అలా వచ్చినవే. రాత్రిపూట ఎడమ పక్క ఎర్ర దీపం, కుడి పక్క పచ్చ దీపం వెలుగుతాయి. నా దగ్గర కొత్తగా చేరిన తెలుగు కుర్రాళ్లకు "ఎడమకు ఎరుపు" అని ఒక్కసారి చెబితే చాలు, మళ్లీ మరిచిపోయేవాళ్లు కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఏ వైపు అని అడిగే ముందు ఇంకో రెండు ప్రశ్నలు వేసుకోవాలి. చూడదగ్గ చోటు దాటుతున్నప్పుడు ఓడ ఎటు వెళ్తూ ఉంటుంది? ఆ వేళకు వెలుతురు ఉంటుందా? ముప్పై రెండేళ్లు ఓడ బ్రిడ్జి మీద, అంటే ఓడను నడిపే గదిలో, నిలబడ్డాను. ప్రయాణికులు నన్ను అడిగిన ప్రతి "ఏ వైపు"కీ ఈ రెంటిలోంచే జవాబు వెతికాను.

నీ దారే తీసుకో. వాంకూవర్ రేవు వదిలాక ఓడ ముందు పడమటికి, లయన్స్ గేట్ వంతెన కిందుగా వెళ్తుంది. అప్పుడు కుడి పక్కన ఉత్తర తీరపు కొండలు, ఎడమ పక్కన స్టాన్లీ పార్క్ చెట్లు. అక్కడ రెండు వైపులా బాగానే ఉంటుంది. తర్వాత వాంకూవర్ ద్వీపానికీ ప్రధాన భూభాగానికీ మధ్య వాయవ్యంగా పైకి సాగుతుంది. ద్వీపం ఎడమన, ప్రధాన భూభాగం కుడిన. ఆ ఇన్‌సైడ్ పాసేజ్ అంతా దీవుల మధ్య దారి, ఏ పక్క చూసినా ఏదో ఒక ఒడ్డు ఉంటుంది కాబట్టి అక్కడ వైపు గురించి బెంగ పెట్టుకోకు. తేడా కొట్టొచ్చినట్టు కనిపించేది చివర్లో, దీవుల చాటు వదిలి అలాస్కా సింధుశాఖలోకి బయటపడ్డాక. అక్కడ ఎడమ పక్కన పసిఫిక్ మహాసముద్రం, నీళ్లు తప్ప ఇంకేమీ ఉండదు. కుడి పక్కన, ఆకాశం తెరిపిగా ఉంటే, మంచు కొండల బారు. 4,671 మీటర్ల ఫెయిర్‌వెదర్ శిఖరం సముద్రం ఒడ్డుకు చాలా దగ్గరగా లేస్తుంది. దానికి వాయవ్యంగా 5,489 మీటర్ల సెయింట్ ఎలియాస్. సముద్ర మట్టం మీద కూర్చుని అంతెత్తు కొండను నిలువునా చూడటం లోకంలో ఎక్కువ చోట్ల కుదరదు. మబ్బు పట్టిందంటే మాత్రం ఏ వైపైనా ఒకటే, అక్కడ మబ్బు పట్టని రోజులు తక్కువే. అయినా తెరిపి వచ్చిన ఆ ఒక్క గంట అమ్మ ఎడమ బాల్కనీలో ఉండకూడదని నా పట్టుదల.

ఇదే ఓడ సీవర్డ్ నుంచి వాంకూవర్‌కు దిగి వచ్చేటప్పుడైతే అంతా తిరగబడుతుంది. కొండలు పోర్ట్ వైపుకు పోతాయి. ఎక్కిన రేవుకే తిరిగి వచ్చే ప్రయాణమైతే పోతూ ఒక వైపు, వస్తూ ఒక వైపు దొరుకుతాయి, ఇక ఎంపికకు పెద్ద అర్థం లేదు.

హిమానీనదాల దగ్గర ఏ వైపు ఉండాలో అని చాలామంది కంగారు పడతారు. మీ దారిలోని అలాస్కాలో గ్లేసియర్ బే అనే అఖాతంలోకి రోజుకు రెండు పెద్ద క్రూయిజ్ నౌకల్నే రానిస్తారు. లోపలిదాకా వెళ్లి మార్జరీ హిమానీనదం ముందు ఓడను ఆపి, రెండు పక్కల వాళ్లకూ కనిపించేలా నెమ్మదిగా తిప్పడం అక్కడ మామూలు. వచ్చిన దారినే వెనక్కి వస్తారు కాబట్టి రెండు ఒడ్లూ చూసినట్టే. హబ్బర్డ్ అనే ఇంకో హిమానీనదం దగ్గరా ఇలాగే తిప్పుతారు. నార్వేలో గైరాంగర్ ఫియోర్డ్ కూడా అంతే: లోపలికి వెళ్తుంటే ఏడుగురు అక్కచెల్లెళ్లు అనే జలపాతాలు ఎడమ పక్కన, బయటికి వస్తుంటే కుడి పక్కన. అక్కడ తొందరపడి గది మార్చుకోవాల్సిన పని లేదు. ఓపిక పడితే చాలు.

ఒక దీవి చుట్టూ తిరిగే ప్రయాణాలకు సులువైన గుర్తు ఉంది. ఓడ ఆ దీవికి ప్రదక్షిణంగా తిరుగుతుంటే నేల ఎప్పుడూ కుడి చేతి వైపే. ఐస్‌లాండ్ చుట్టూ గడియారం ముల్లులా తిరిగే ఓడలో స్టార్‌బోర్డ్, ఎదురు తిరిగే ఓడలో పోర్ట్. అదే మధ్యధరా సముద్రంలాంటి చోట ఓడ తీరాల లోపల తిరుగుతుంది కాబట్టి లెక్క మారిపోతుంది. బార్సిలోనా, మార్సెయ్, జెనోవా, చివిటావెక్కియా, నేపుల్స్ వరుసలో వెళ్తే తీరం ఎడమన ఉంటుంది. కానీ ఆ ఓడలు సాయంత్రం రేవు వదిలి తెల్లారేసరికి ఇంకో రేవులో ఉంటాయి. చీకట్లో తీరం ఏ పక్కనుంటే ఏమిటి? అలాంటి చోట వైపు కోసం ఎక్కువ డబ్బు కడుతుంటే నేను ఊరుకోను.

ఇరుకు నీళ్లలో ఇంకో సూత్రం పనిచేస్తుంది. ఓడలు ఎదురుపడితే ఎవరికి వారు కుడికి తప్పుకోవాలి, ఇరుకు కాలువలో కుడి అంచుకు దగ్గరగా నడవాలి అని 1972 అంతర్జాతీయ నిబంధనలు చెబుతాయి. అంటే మామూలుగా దగ్గరి ఒడ్డు స్టార్‌బోర్డ్ వైపు ఉంటుంది, ఎదురొచ్చే ఓడలు పోర్ట్ పక్కగా పోతాయి. మీ అన్నయ్యలా ఓడల పిచ్చి ఉన్నవాళ్లకు నేను పోర్ట్ చెబుతాను, ఒడ్డున ఇళ్లు, మనుషులు చూడాలనుకునేవాళ్లకు స్టార్‌బోర్డ్. సూయజ్ కాలువలో పోర్ట్ సయీద్ నుంచి దక్షిణానికి దిగుతుంటే ఎడమన సినాయ్ ఎడారి, కుడిన ఊళ్లు, పొలాల పచ్చదనం. రెండూ చూడదగ్గవే, కానీ పూటంతా కూర్చుని చూడాలంటే నేను పచ్చదనం వైపే ఉంటాను.

ఎండ సంగతి చాలామంది ఆలోచించరు. బాల్కనీ గదికి అదే ముఖ్యం. కర్కాటక రేఖకు ఉత్తరాన మధ్యాహ్నపు సూర్యుడు ఎప్పుడూ దక్షిణం పక్కనే ఉంటాడు. తూర్పుకు వెళ్లే ఓడలో కుడి బాల్కనీలన్నీ ఎండలో, ఎడమవి నీడలో. పడమటికైతే ఎదురు. ఉత్తరానికి వెళ్తుంటే సూర్యోదయం కుడిన, అస్తమయం ఎడమన. మకర రేఖకు దక్షిణాన మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం పక్క ఉంటాడు కాబట్టి తూర్పు, పడమర ప్రయాణాల లెక్క తిప్పి చదువుకోవాలి. అట్లాంటిక్ దాటే ఐదారు రోజుల ప్రయాణంలో చూడటానికి తీరమే ఉండదు, అప్పుడు ఎండ ఒక్కటే లెక్క. "పోష్" అనే మాట, అంటే దర్జా అయినది అని, ఇంగ్లండ్ నుంచి మన దేశానికి వచ్చే స్టీమర్లలో పుట్టిందని ఒక కథ చెబుతారు. వచ్చేటప్పుడు పోర్ట్, వెళ్లేటప్పుడు స్టార్‌బోర్డ్ గదులు డబ్బున్నవాళ్లు తీసుకునేవారని, "పోర్ట్ అవుట్, స్టార్‌బోర్డ్ హోమ్" అనే మాటల మొదటి నాలుగు ఇంగ్లీషు అక్షరాలు టికెట్ మీద ముద్ర కొట్టేవారని. అలాంటి టికెట్ ఒక్కటీ ఎవరికీ దొరకలేదు, మాట పుట్టుక గురించి ఆ కథ నమ్మొద్దు. ఎండ లెక్క మాత్రం సరైనదే. ఎర్ర సముద్రంలో దక్షిణానికి దిగే ఓడకు సాయంత్రపు ఎండ కుడి పక్కనే కాల్చేస్తుంది.

నీ ప్రయాణంలో దీనివల్ల ఒక చిన్న నష్టం ఉంది, ముందే చెప్పాలి. సింధుశాఖలో పడమటికి సాగుతున్నప్పుడు కుడి బాల్కనీ ఉత్తరం చూస్తుంది. మధ్యాహ్నం ఎండ తగలదు, చలి ఎక్కువ. దానికి తోడు ఓడ వేగమే గాలి పుట్టిస్తుంది. 20 నాట్లంటే గంటకు 37 కిలోమీటర్లు. అమ్మకు మందపాటి శాలువా, చేతికి తొడుగులు, తలకు ఉన్ని టోపీ సర్దు. ఓడవాళ్లిచ్చే దుప్పటిని నమ్ముకోకు.

నా వల్ల జరిగిన రెండు పొరపాట్లు కూడా రాస్తాను, నువ్వు చెయ్యకుండా ఉంటావని.

మొదటిది మీ పెద్దమ్మతో వెళ్లినప్పుడు. బోస్ఫరస్ మీదుగా ఉత్తరానికి, నల్ల సముద్రంలోకి వెళ్తున్నాం. యూరప్ ఒడ్డున రాజభవనాల వరుస తనకు చూడాలని. అది పోర్ట్ పక్క. ఇదివరకు వెళ్లిన ఓడలో సరి సంఖ్యల గదులు పోర్ట్ వైపు ఉన్నాయని, ఇక్కడా సరి సంఖ్య చూసి తీసుకున్నాను. ఈ ఓడలో అది స్టార్‌బోర్డ్ అయింది. తను చలిలో పై డెక్ రెయిలింగ్ దగ్గర జనం వెనక నిలబడి, మెడ చాపి చూసింది. ఒక్క మాట అనలేదు, కానీ నాకు ఇప్పటికీ బాధే. సరి ఒక వైపు, బేసి ఒక వైపు ఉండటం చాలా ఓడల్లో ఉంది. ఏది ఏ వైపో కంపెనీని బట్టి మారుతుంది. డెక్ ప్లాన్ బొమ్మ తెరిచి చూసుకో. అందులో ముందుకొన పైకి ఉంటే ఎడమ వరుసే పోర్ట్. బొమ్మ అడ్డంగా ఉండి ముందుకొన నీ ఎడమ చేతికి ఉంటే, పోర్ట్ గదులు కింది వరుసలో ఉంటాయి, స్టార్‌బోర్డ్ పై వరుసలో. ఇక్కడే ఎక్కువమంది పప్పులో కాలేస్తారు.

రెండోది వెనిస్. ఓడ ఊళ్లోకి వస్తుంటే సెయింట్ మార్క్స్ చౌకు కుడి పక్కన, చేతికి అందేటంత దగ్గరగా దాటేది. ఏళ్ల తరబడి అందరికీ "వెనిస్‌కు వెళ్తుంటే స్టార్‌బోర్డ్" అని చెప్పాను. 2021 ఆగస్టు 1 నుంచి ఇటలీ ప్రభుత్వం పెద్ద నౌకల్ని ఆ చౌకు ముందుగా వెళ్లే జూదెక్కా కాలువలోకి రానివ్వడం మానేసింది. అది మంచి నిర్ణయమే, ఆ నగరం పునాదులు నీళ్లలో ఉన్నాయి. కానీ ఆ తర్వాత నా పాత మాట పట్టుకుని ఒక దంపతులు గది తీసుకున్నారు. వాళ్ల ఓడ వేరే రేవులో ఆగింది, ఊరు బస్సులో వెళ్లి చూశారు. అప్పటి నుంచి ఎవరికి చెప్పినా, ఈ ఏడాది ఓడ ఏ దారిన వెళ్తోందో, ఏ రేవులో ఆగుతోందో కంపెనీ కాగితంలో చూశాకే చెబుతున్నాను. నీకూ అలా చూశాకే చెప్పాను.

రేవులో ఏ పక్క గట్టుకు ఆనిస్తారో ముందుగా ఊహించి గది తీసుకోవడం దండగ. గాలి, నీటి ఒరవడి, ఓడ ఆగడానికి ఖాళీగా ఉన్న చోటు చూసుకుని కెప్టెన్, రేవులో దారి చూపే పైలట్ ఆ పూట తేల్చుకుంటారు. సిడ్నీలో సర్క్యులర్ కీ అనే రేవులో ఓడ తలతో లోపలికి వచ్చి ఆగితే ఒపేరా హౌస్ పోర్ట్ వైపు, వెనక్కి నడిపి ఆపితే స్టార్‌బోర్డ్ వైపు. రోజంతా కిటికీలో ఒపేరా హౌస్ ఉంటుందా, రేవు షెడ్డు ఉంటుందా అన్నది అదృష్టమే.

కడుపులో తిప్పడానికి వైపుతో సంబంధం లేదు. ఓడ నడిమిన, కింది డెక్కుల్లో ఉంటే కుదుపు తక్కువ. అమ్మకు అది పడదు కాబట్టి, కుడి వైపు ముందు కొసన గదికీ, ఎడమ వైపు నడిమి గదికీ మధ్య తేల్చుకోవాల్సి వస్తే నడిమి గదే తీసుకో. కొండలు కనిపించే వేళకు లిఫ్టులో పైకి తీసుకెళ్లొచ్చు. ఒంట్లో బాగాలేకపోతే ఏ కొండా చూడలేదు.

గది ఖాయం చేసే ముందు బాల్కనీ ముందు లైఫ్‌బోట్ వేలాడుతోందేమో చూడు, చూపుకు అడ్డం ఉన్న గదని చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. కొన్ని ఓడల్లో సిగరెట్లు కాల్చే చోటు ఒక పక్కనే పెడతారు, దాని కింది గదులు వద్దు. "గ్యారంటీ" అని చవకగా ఇచ్చే టికెట్ కూడా వద్దు, అందులో గది వాళ్లిష్టం, వైపు అడిగే హక్కు నీకుండదు.

గది నంబరు అనుకున్నాక డెక్ ప్లాన్ ఫోటో తీసి నాకు పంపు, డబ్బు కట్టకముందే. నేను చూసి ఆ రాత్రికే జవాబు ఇస్తాను. కుర్చీ బాల్కనీ గోడ పక్కన వేస్తే రెయిలింగ్ చూపుకు అడ్డం రాకుండా ఉంటుందా అన్నదీ చూడాలి, అమ్మ పొట్టి కదా.

మీ పెదనాన్న