పాత లారీకి బ్రేకర్లు: అల్లుడికి ఉత్తరం

అల్లుడూ,

నువ్వు కొన్న బండి ఫోటోలు మీ అమ్మ పంపింది. ముందు నక్షత్రం గుర్తు ఉందంటే టాటా, బెంజ్ కలిసి ఉన్న రోజుల నాటిదే. ఆ ఒప్పందం 1954లో మొదలై 1969లో ముగిసింది. పాత వైర్లే ఉంటే వాటి వయసు నీకంటే ఎక్కువన్నమాట. ఇంజను సంగతి తర్వాత, ముందు వైరింగు చూడు.

ఫోటోలో పింగాణీ ఫ్యూజు ఉండాల్సిన చోట ఎవరో సిగరెట్ పెట్టె రేకు చుట్టారు. దాన్ని ఇవాళే పీకెయ్. బ్రేకర్, అంటే కరెంటు మితిమీరితే తనే లైను తెంచేది, పెట్టాలన్న ఆలోచన బాగుంది గానీ, 30 ఆంప్స్‌ది ఒకటి తెచ్చి అన్నిటికీ కలిపి పెట్టేస్తానన్నావట, అది కుదరదు. బ్రేకర్ కాపాడేది బల్బును కాదు, వైరును. ఆ లైనులో అన్నిటికన్నా సన్న వైరు ఎంత మోయగలదో, బ్రేకర్ అంతకు మించకూడదు. లేకపోతే వైరు కాలిపోతుంటే బ్రేకర్ చూస్తూ కూర్చుంటుంది.

బండి 12 వోల్టులా, 24 వోల్టులా మీటరు పెట్టి చూసుకో. ఇన్నేళ్లలో ఎవరేం మార్చారో తెలియదు. 12 వోల్టుల్లో 60 వాట్ల హెడ్‌లైట్ 5 ఆంప్స్ లాగుతుంది, రెండూ కలిపి 10. దానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 15 ఆంప్స్ బ్రేకర్ సరిపోతాయి. 24 వోల్టుల్లో 70 వాట్ల బల్బులు రెండూ కలిపి 6 ఆంప్స్ దాటవు, 10 ఆంప్స్ బ్రేకర్ చాలు.

హెడ్‌లైట్లకు మాత్రం తనంతట తాను మళ్లీ కలిసే రకమే పెట్టు. లోపలి రెండు లోహాల పట్టీ వేడెక్కి వంగితే లైను తెగుతుంది, చల్లారితే కలుస్తుంది. రాత్రిపూట ములుగు రోడ్డులో లైటు ఆరుతూ వెలుగుతూ ఉన్నా బండి పక్కకు తీసుకోవచ్చు. ఒక్కసారిగా చీకటైతే ఏం చేస్తావ్? మిగతా లైన్లకు బటన్ నొక్కితేనే కలిసేవి మంచివి. షార్ట్ ఉన్న వైరును మళ్లీ మళ్లీ వేడి చేయడం దేనికి? కొన్నిటి మీద బ్యాట్, ఆక్స్ అని ఉంటుంది. బ్యాట్ వైపు బ్యాటరీ నుంచి వచ్చే వైరు, ఆక్స్ వైపు లోడు, అంటే లైట్ల లాంటి వాటికి పోయే వైరు.

ఇంట్లో వాడే ఎంసీబీ రకం బ్రేకర్ తేకు. ఇంటి కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి లోపల లేచిన నిప్పురవ్వ ఆరిపోతుంది. బ్యాటరీ కరెంటుకు ఆ సున్నా లేదు. పైగా మన రోడ్ల కుదుపులకు అది తట్టుకోదు.

మెయిన్ బ్రేకర్ ఎక్కడ పెడతావన్నది ఇంకా ముఖ్యం. బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటారుకు పోయే లావు కేబుల్ జోలికి పోకు, అది వందల ఆంప్స్ లాగుతుంది. డ్యాష్‌బోర్డుకు కరెంటు తీసుకుపోయే ఫీడ్ వైరు బ్యాటరీ వైపు మొదలయ్యే చోట, జానెడు లోపే బ్రేకర్ రావాలి. డ్యాష్‌బోర్డు దగ్గర పెడితే మధ్యలో ఉన్న వైరుకు దిక్కు లేదు. బ్యాటరీని ఛార్జ్ చేసే పాత డైనమో తీసి, అదే పని చేసే ఆల్టర్నేటర్ బిగించి ఉంటే, దాని ఛార్జింగ్ వైరును ఈ బ్రేకర్ అవతల, అంటే లోడు వైపు కలపకు. ఇంజను నడుస్తుండగా బ్రేకర్ ట్రిప్ అయి లైను తెగితే, ఆల్టర్నేటర్‌కు బ్యాటరీతో సంబంధం తెగిపోయి దాని లోపలి డయోడ్లు పోతాయి. దానికి వేరే లైను, వేరే ఫ్యూజు.

సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు పత్తి వేసుకుపోవాలని ఉందట కదా. అయితే చాసిస్ పొడవునా వెనక లైట్లకు పోయే వైరును చేత్తో తడుముతూ చివరిదాకా పో. క్లిప్పుల దగ్గర, రేకు రంధ్రాల దగ్గర ఒరుసుకుని రాగి బయటపడి ఉంటుంది. అక్కడ టేపు చుట్టి సరిపెట్టకు, వైరు మార్చి రంధ్రానికి వైరు ఒరుసుకోకుండా రబ్బరు గ్రోమెట్ (రింగు) వెయ్. బ్రేకర్ ఉన్నా పత్తికి ఒక్క నిప్పురవ్వ చాలు.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ ఎర్త్ వైరు విప్పు. వైరు కొసలకు టెర్మినల్ నొక్కి బిగించే క్రింపింగ్ ప్లయర్ కొనకు, నా దగ్గరుంది, తెస్తాను. ఆల్టర్నేటరో డైనమోనో తెలిసేలా ఇంకో ఫోటో పంపు.

మీ మామయ్య