నాలుగెకరాల గుర్రాల ఫారానికి ట్రాక్టరు: పెద్దబాపు ఉత్తరం

చిరంజీవి బిడ్డకు పెద్దబాపు ఆశీస్సులు.

చేవెళ్ల దగ్గర నాలుగెకరాల్లో లాయానికి కప్పు వేయడం పూర్తయిందని, వచ్చే నెల ఆరు గుర్రాలు దిగుతాయని రాశావు. చదివి చాలా సంతోషపడ్డాను. ట్రాక్టరు సంగతి అడిగావు కాబట్టి నాకు తెలిసిందంతా రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

ఊళ్లో అందరూ యాభై హార్స్‌పవర్ బండే తీసుకోమంటున్నారని అన్నావు. వాళ్ల పనికి అదే సరైనది. వాళ్లు దుక్కి దున్నాలి, పొలంలో దమ్ము చేయాలి, పత్తి ట్రాలీ మార్కెట్‌కు తోలాలి, మిగతా రోజులు కిరాయికి తిప్పి కిస్తీ కట్టుకోవాలి. నీకు ఆ పనులు ఏడాదికి రెండు రోజులుంటే ఎక్కువ. గడ్డి విత్తే ముందు నేల దున్నాలంటే గంటల లెక్కన ఊళ్లో బండి దొరుకుతుంది. ఆ రెండు రోజుల కోసం మిగతా ఏడాదంతా పెద్ద బండిని మోయకు. రోజూ చేసే పని ఏదో చూసి దానికి తగ్గ ట్రాక్టరు కొను.

నీకు రోజూ ఉండే పని లద్దె ఎత్తడం. ఒక్కో గుర్రం రోజుకు ఇరవై, పాతిక కిలోల లద్దె వేస్తుంది. కింద పరిచిన ఊక, రంపంపొట్టు తడిసి దానికి తోడవుతాయి. ఆరు గుర్రాలకు నూట యాభై కిలోలే వేసుకున్నా ఏడాదికి యాభై టన్నులు దాటుతుంది. ఇదంతా లాయం నడవలోంచి బయటికి రావాలి. నడవ పది అడుగులని రాశావు. యాభై హార్స్‌పవర్ బండి దాదాపు ఆరడుగుల వెడల్పు ఉంటుంది. దాని వెనక ట్రాలీ తగిలిస్తే ఆ నడవలో మలుపు తిరగదు. రెండు పక్కలా గుర్రాలు తలలు బయటపెట్టి నిలబడి ఉంటే డ్రైవర్‌కీ టెన్షన్, గుర్రాలకీ బెదురు. ఇరవై నాలుగు నుంచి ఇరవై ఎనిమిది హార్స్‌పవర్ చిన్న బండ్లు నాలుగడుగుల లోపే ఉంటాయి. మహీంద్రా జీవో 245, కుబోటా నియోస్టార్ బి2441, జాన్ డీర్ 3028 ఈఎన్ ఆ రకానివే. తోటల కోసం చేసిన బండ్లు, నాలుగు చక్రాలూ లాగుతాయి. నీకు కావాల్సింది ఈ తరగతి.

నాలుగు చక్రాల లాగుడు విషయంలో మాత్రం రాజీ పడకు. మీ పక్క సగం ఎర్ర చెలక, సగం నల్లరేగడి. జూన్‌లో వాన పడిందంటే రేగడిలో రెండు చక్రాల బండి, వెనక లద్దె ట్రాలీ ఉంటే, కూరుకుపోతుంది. గుర్రాలకు ఆదివారం సెలవని ఉండదు కదా, వానలో కూడా లద్దె ఎత్తాల్సిందే.

లద్దె గురించే ఇంకో మాట. దాన్ని పచ్చిగా గుర్రాలు మేసే చోట చల్లించకు. అందులో నులిపురుగుల గుడ్లుంటాయి. అవి పిల్లలై గడ్డి మీదికి ఎక్కుతాయి, మళ్లీ గుర్రం కడుపులోకే పోతాయి. ఒక మూల పెంటకుప్ప వేయించు. తేమ చూసుకుంటూ అప్పుడప్పుడు తిరగేస్తే లోపల వేడి యాభై అయిదు, అరవై డిగ్రీల దాకా పోతుంది. ఆ వేడికి గుడ్లు చస్తాయి. పైన ఉన్నది చల్లగానే ఉంటుంది కాబట్టి తిరగేసేటప్పుడు దాన్ని లోపలికి వేయించాలి. ఇక్కడే అందరూ బండి ముందువైపు లోడర్, అంటే పెంట ఎత్తే బకెట్, పెట్టించుకోమంటారు. వద్దు. ఈ చిన్న బండి ముందు ఇరుసు మీద లోకల్‌గా వెల్డింగ్ చేసిన లోడర్ బిగిస్తే, తడి పెంట నిండిన బకెట్ ఎత్తినప్పుడు బరువంతా ముందుకు తూగుతుంది. ఇరుసు ఆయిల్ సీళ్లు పోతాయి, స్టీరింగ్ బిగుస్తుంది, ఏటవాలులో బండి పల్టీ కొట్టే ప్రమాదం కూడా ఉంది. నెలకో రెండు నెలలకో జేసీబీని ఓ గంట పిలిపించి కుప్ప తిరగేయించు. రోజువారీ పనికి ఇద్దరు మనుషులు, రెండు పారలు, టన్ను పట్టే టిప్పర్ ట్రాలీ చాలు. ట్రాలీ ఎత్తడానికి బండికి వెనక ఆయిల్ పైపు పాయింటు ఉందో లేదో కొనకముందే చూడు. కొన్ని మోడళ్లకు అది విడిగా పెట్టించుకోవాలి.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది రైడింగ్ గ్రౌండు. నలభై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు వేయిస్తున్నావు, మంచి కొలత. దాని కింద గట్టి పునాది, పైన మూడు నాలుగు అంగుళాల ఇసుక. గుర్రాలు రోజూ కంచె పక్కనే తిరుగుతాయి. అందుకని అక్కడ గాడి పడి ఇసుక అంచులకు పోతుంది. గాడిలో గిట్ట గట్టి నేలకు తగులుతుంది, పక్కన లోతు ఇసుకలో దిగబడుతుంది. కండరాన్ని ఎముకకు కలిపే కాలి స్నాయువులు వాచేది అలాంటి ఎగుడుదిగుడు నేల మీదే. మలక్‌పేట రేసుల్లో పరిగెత్తి రిటైరైన గుర్రాలను తెచ్చుకుంటే ఇంకా జాగ్రత్త, వాటి కాళ్లు అప్పటికే చాలా పని చేసి ఉంటాయి. కాబట్టి వారానికి రెండు మూడుసార్లు దంతె, అంటే ఇసుకను సమం చేసే పళ్ల పనిముట్టు, తోలాలి. ఆ పనికి బలం అక్కర్లేదు, బరువు తక్కువ ఉండటం కావాలి. యాభై హార్స్‌పవర్ బండి రెండు టన్నుల దాకా తూగుతుంది. తడి ఇసుక మీద అది తిరిగితే కింద పునాది నొక్కుకుపోతుంది. పునాది ఒకసారి చెడిందంటే మళ్లీ వేయించే ఖర్చుకు ట్రాక్టరే వస్తుంది.

దంతెకు లోతు ఆపే చక్రాలుండాలి. లేకపోతే పళ్లు పునాదిలోకి దిగి మట్టిని పైకి లాగుతాయి, ఇసుకలో కలిసిపోతుంది. ముందు నీళ్లు చల్లించు, దుమ్ము గుర్రాల ఊపిరితిత్తులకు మంచిది కాదు. అంచుల్లోని ఇసుకను గాడిలోకి లాగించి, ఆ తర్వాత మధ్యకు రావాలి. ప్రతిసారీ ఒకే దారిలో తోలనీయకు. ఒక ఇనుప చువ్వకు మూడంగుళాల దగ్గర, నాలుగంగుళాల దగ్గర రంగు పూసి, గ్రౌండులో పదిచోట్ల గుచ్చి చూడమను. లోతెక్కడ, పలుచనెక్కడ అన్నది వెంటనే తెలుస్తుంది.

ఈ పనంతా ముందుకూ వెనక్కూ తిరుగుతూ చేసేది. అందుకే గేర్లు ఎన్నున్నాయి అనేదానికన్నా ముందుకు, వెనక్కు మార్చడం ఎంత సులువు అన్నది చూడు. డీర్ 3028లో ఎనిమిది ముందుకు, ఎనిమిది వెనక్కు, ఒకే లీవరుతో మారుతాయి. వెనక్కి రెండు మూడు గేర్లే ఉన్న బండితో పని జరగదని కాదు, చేతికి అలసట ఎక్కువ. ముళ్ల కలుపు, ఎదిగిన గడ్డి కోయడానికి స్లాషర్ తగిలించాలనుకుంటే డ్యూయల్ క్లచ్ ఉన్నది తీసుకో. బండి ఆగినా పీటీవో, అంటే ఇంజన్ బలంతో వెనక పనిముట్టును తిప్పే షాఫ్ట్, తిరుగుతూనే ఉంటుంది. స్లాషర్ కోసిన తడి గడ్డిని మాత్రం పోగుచేసి గుర్రాలకు వేయనివ్వకు. కుప్పలో వేడెక్కి పులిసిపోతుంది, కడుపునొప్పి వస్తుంది. గుర్రం కడుపునొప్పి ప్రాణం మీదికి తెస్తుంది, నీకు నేను చెప్పాలా.

పొగ గురించి ఎవరూ చెప్పరు. లాయంలో ఇంజన్ ఆన్‌లో పెట్టి లద్దె నింపుతూ అరగంట నిలబడతారు. నిటారుగా ఉన్న సైలెన్సర్ పొగ కప్పుకు తగిలి అక్కడే ఉండిపోతుంది. గుర్రాలు రోజంతా ఆ గాలే పీల్చాలి. నడవలోకి వచ్చాక ఇంజన్ ఆపాలన్నది నీ ఫారంలో చట్టం చేయి. సైలెన్సర్ కిందికో పక్కకో ఉన్న మోడల్ దొరికితే ఇంకా మేలు. ఒకటి మాత్రం గుర్తుంచుకో, వేడి సైలెన్సర్‌కు ఎండుగడ్డి తగలకూడదు. ట్రాక్టరు షెడ్డు గడ్డివాముకూ లాయానికీ దూరంగా వేయించు.

పీటీవో షాఫ్ట్ మీద ప్లాస్టిక్ కవర్ లేని పనిముట్టును ఇంటికి తేవద్దు. నిమిషానికి 540 చుట్లు తిరిగే ఇనుప కడ్డీకి చున్నీ కొసో, లుంగీ అంచో తగిలితే మనిషి చేయి తీసుకునే టైం కూడా ఉండదు. మన పల్లెల్లో ఆ కవర్ మొదటి సీజన్‌లోనే విరిగిపోతుంది, ఎవరూ మార్చరు. నువ్వు మార్పించు. బండి బోల్తా పడినా మనిషిని కాపాడే వెనక రక్షణ కమ్మీ, సీటు బెల్టు ఉంటే తీసుకో, కమ్మీ ఉన్నప్పుడు బెల్టు పెట్టుకోకుండా నడపనివ్వకు.

డబ్బు సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కాబట్టి పాత కొటేషన్ చూపించి బేరం మొదలుపెట్టేవాళ్ల మాట వినకు, కొత్త ధర కాగితం మీద రాయించుకో. చిన్న బండి తీసుకుంటే మిగిలే డబ్బుతో మంచి దంతె, టిప్పర్ ట్రాలీ, లెవలర్ బ్లేడ్ కొను. పని చేసేవి అవే కదా. సెకండ్ హ్యాండ్ అయితే పొలంలో దమ్ము చేసిన బండిని వదిలేయ్. బురద ఇరుసు సీళ్లలోకి చేరి ఉంటుంది, ముందు చక్రాల లోపలివైపు ఆయిల్ మరకలు కనిపిస్తాయి. తోటల్లో తిరిగినది వెతుకు. ఆర్సీలో బ్యాంకు పేరు కొట్టేశారో లేదో చూశాకే అడ్వాన్స్ ఇవ్వు.

డబ్బు కట్టకముందు షోరూం వాళ్లను బండి తీసుకుని నీ ఫారానికే రమ్మను. డెమో అడిగితే తెస్తారు, సిగ్గుపడకు. నడవలోకి తోలించు, ట్రాలీతో మలుపు తిప్పించు. స్టీరింగ్ గుర్రాలను చూసుకునే మీ సాయీసు చేతికివ్వు, రోజూ నడపాల్సింది అతనే. నువ్వు గుర్రాల దగ్గర నిలబడి వాటి చెవులు చూడు, బెదురు అక్కడే తెలుస్తుంది. రేసు ట్రాక్‌ల మీద పెరిగినవి పట్టించుకోవు, మార్వాడీ జాతి గుర్రప్పిల్ల ఉంటే మాత్రం మొదట దూరంగా స్టార్ట్ చేయించు. గుర్రాలు ఇంకా దిగలేదు కాబట్టి ఈ డెమో వచ్చే నెల పెట్టుకో, అప్పటిదాకా ఎవరికీ మాట ఇవ్వకు. రోజు ఖాయం చేసి ఫోన్ చేయి, నేనూ వస్తాను.

ఇట్లు,
నీ పెద్దబాపు