ఇంగ్లీషు పదాల కోసం పిల్లల నవల చదవొచ్చా? కాలువ గట్టున పెరిగినవాళ్ళకి నా సలహా

తెలుగు మీడియంలో చదివానని, పదాల పుస్తకం బట్టీ పడితే వారం తిరిగేసరికి అన్నీ ఎగిరిపోతున్నాయని రాశారు. పాత పిల్లల ఫాంటసీ నవల చదివితే పదాలు వస్తాయా, వస్తే ఏది చదవాలి అని అడిగారు.

వస్తాయండి, నాకు అలాగే వచ్చాయి. కానీ ఏ నవల పడితే అది పనికిరాదు. మీది కోనసీమ అన్నారు కాబట్టి ధైర్యంగా ఒకటే పేరు చెబుతాను: కెన్నెత్ గ్రాహమ్ రాసిన ‘ది విండ్ ఇన్ ద విల్లోస్’. 1908లో వచ్చింది. నేలలో బొరియ తవ్వుకుని బతికే మోల్ (ఈ జంతువు మన వైపు ఉండదు), ఏటి ఒడ్డున ఉండే ర్యాట్, అడవిలో ఉండే బ్యాడ్జర్, డబ్బు ఎక్కువై బుద్ధి తక్కువైన గోదురుకప్ప టోడ్. ఈ నలుగురి కథ. చాలావరకు ఏటి చుట్టూనే తిరుగుతుంది.

మనకి పనికొచ్చేది ఆ ఏరే. పడవ, తెడ్డు, రేవు, గట్టు, జమ్ము, బురద... ఇవన్నీ మనం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నవే. ఇంగ్లీషులో పేర్లు తెలియవు, అంతే. బాగా తెలిసిన వస్తువుకి కొత్త పేరు తగిలిస్తే అది పోదు. పదాల పుస్తకంలో వస్తువూ తెలియదు, పేరూ తెలియదు. ఇక నిలిచేది ఎలా?

మొదటి పేజీ చూడండి. మోల్ ఇల్లు శుభ్రం చేసుకుంటూ ఉంటుంది. చీపుళ్ళు, దుమ్ము దులిపే గుడ్డలు, నిచ్చెన, బ్రష్షు, బకెట్ నిండా సున్నం. గొంతులో దుమ్ము, ఒళ్ళంతా సున్నం మరకలు, నడుం నొప్పి. సంక్రాంతి ముందు మా ఇంట్లో జరిగేది కూడా ఇదే. బ్రూమ్, డస్టర్, లాడర్, పెయిల్, వైట్‌వాష్, ఏకింగ్ బ్యాక్: ఒక్క వాక్యంలో ఇన్ని వచ్చాయి, డిక్షనరీ అక్కర్లేకుండా. తర్వాత విసుగొచ్చి బ్రష్షు పారేసి పైకి తవ్వుకుంటూ పోతుంది. అక్కడ స్క్రేప్, స్క్రాచ్, స్క్రాబుల్, స్క్రూజ్ అని నాలుగు క్రియలు వరసగా ఉంటాయి. విడివిడిగా అర్థాలు వెతక్కండి. పైకి చదివితే గోళ్ళతో మట్టి గీకుతున్న చప్పుడే వినిపిస్తుంది, దాంతో సగం అర్థం తెలిసిపోతుంది.

అదే అధ్యాయంలో ర్యాట్ తన ల్యాండింగ్ స్టేజ్ (పడవ ఆపుకునే రేవు) దగ్గర ఒక రింగులోంచి ‘పెయింటర్’ను దోపి బొరియలోకి ఎక్కుతుంది. రంగులేసే మనిషి అనుకుంటే కథ ఆగిపోతుంది. రేవులో పడవ కట్టడం చూసినవాడికి మాత్రం అది తాడని తెలిసిపోతుంది. కాస్త ముందుకెళ్తే వియర్ వస్తుంది, అంటే నీరు పైనుంచి పొర్లేలా ఏటికి అడ్డంగా కట్టిన గోడ. ధవళేశ్వరంలో 1852 నాటికి కాటన్ దొర కట్టించిన పాత ఆనకట్ట అలాంటిదే. ఆటర్ అంటే నీటికుక్క. కోరంగి మడ అడవుల్లో ఇప్పటికీ ఉన్నాయి. తర్వాత టోడ్ బట్టలుతికే ఆమె వేషంలో జైలు నుంచి పారిపోయి, కాలువ మీద బార్జ్ (సరుకుల పడవ) ఎక్కుతుంది. దాన్ని గట్టు మీద నుంచి గుర్రం లాగుతుంది. మన కాలువల మీద ఆ పని మనుషులే చేసేవారని మా తాతగారు చెప్పేవారు. అలా లాగేవాళ్ళు నడిచే దారినే టోపాత్ అంటారు.

ఎలా చదవాలంటారా? నేను పెన్సిల్ పట్టుకుని కూర్చునేవాణ్ణి. తెలియని మాట కింద గీత గీసి ముందుకి పోవడమే. అదే మాట మళ్ళీ ఎదురైతే అప్పుడు చూసేవాణ్ణి. ఒక్కసారే వచ్చే మాటల్లో చాలావాటితో మనకి పని పడదు. నోట్సులో అర్థం రాసుకోలేదు, ఆ మాటతో మా ఊరి గురించి ఒక ఇంగ్లీషు వాక్యం రాసేవాణ్ణి: వేసవిలో కాలువ కట్టేశాక అడుగున ఏం కనిపిస్తుంది, వరదొస్తే లంకలో పశువుల్ని ఎలా దాటిస్తారు. పదం మన నోట్లోకి వచ్చింది ఇక్కడే. చదవడంతోనే అయిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

కొన్ని చోట్ల చిక్కులున్నాయి. పిక్నిక్ బుట్టలో ఏముందో ర్యాట్ గుక్క తిప్పుకోకుండా చెబుతుంది, అచ్చులో కూడా మాటల మధ్య ఖాళీ ఉండదు. ఆ పొడుగాటి పదం ఏ డిక్షనరీలోనూ దొరకదు, విడగొట్టుకోవాలి. ఐదో అధ్యాయం పేరు లాటిన్, ఇంగ్లీషు కాదు. కానీ ఆ అధ్యాయం వదలొద్దు, వదిలేసి వచ్చిన పాత ఇంటి వాసన తగిలి మోల్ ఏడ్చే ఘట్టం అందులోనే ఉంది. ఏడు, తొమ్మిది అధ్యాయాలు మాత్రం మొదటిసారి దాటేయండి. వర్ణన ఎక్కువ, కథ కదలదు. టెన్షన్ వద్దు, టోడ్ ఉన్న అధ్యాయాలు వాటంతట అవే పరుగెడతాయి.

‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ చదవమని చాలామంది చెబుతారు. 1865 నాటి ఆ పుస్తకం నాకూ ఇష్టమే, కానీ మొదటి పుస్తకంగా వద్దంటాను. అందులో సరదా అంతా మాటల్ని మెలితిప్పడంలో ఉంది. మాట అసలు అర్థమే తెలియనివాడికి మెలిక ఏం తెలుస్తుంది? పరీక్ష దగ్గర్లో ఉండి టైమ్ లేకపోతే, సి.ఎస్. లూయిస్ రాసిన నార్నియా కథల్లో 1950లో వచ్చిన మొదటి పుస్తకం ‘ది లయన్, ద విచ్ అండ్ ద వార్డ్రోబ్’ తీసుకోండి. వాక్యాలు చిన్నవి, తేలిక.

ఇంకో మాట. ఇది వందేళ్ళు దాటిన ఇంగ్లీషు. వస్తువుల పేర్లు, క్రియలు తెచ్చుకోండి, పలకరింపులు మాత్రం అక్కడే వదిలేయండి. ఇంటర్వ్యూలో మేనేజర్ని ‘ఓల్డ్ ఫెలో’ అన్నారంటే ఆ ఉద్యోగం గోదాట్లో కలిసినట్టే.

పుస్తకం కొనక్కర్లేదు, రచయిత 1932లోనే పోయారు, కాపీరైట్ కూడా తీరిపోయింది, కాబట్టి పాత పుస్తకాలు పెట్టే వెబ్ సైట్ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా దొరుకుతుంది. లిబ్రివాక్స్‌లో ఆడియో కూడా ఉచితమే. ముందు ఒక అధ్యాయం మీరు చదివి, తర్వాత అదే వినండి. ముందే వింటే కళ్ళు బద్ధకిస్తాయి.